పెళ్లి వీడియోలకి ఎస్‌ఎస్‌డీ, ఎన్‌క్లోజర్: ఏవి తీసుకోమంటారు?

కోట జంక్షన్ ఫోకస్
అందరికీ నమస్కారం. విజయనగరంలో పెళ్లి వీడియోలు తీస్తాను. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక 2 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (చిన్న కార్డులా ఉండే వేగమైన ఎస్‌ఎస్‌డీ), దానికి మంచి ఎన్‌క్లోజర్, అంటే దాన్ని పెట్టి యూఎస్‌బీకి తగిలించే బాక్స్, కొనాలి. మూడు కెమెరాల 4కే ఫుటేజ్ నేరుగా దాని మీదే ఎడిట్ చేస్తాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్ల) టైప్-సీ. ఆల్బమ్ చేసేవాళ్లది మ్యాక్. 20 జీబీపీఎస్ బాక్స్ కొంటే ముందుముందు పనికొస్తుందా, లేక ఒకేసారి 40ది కొనేయాలా? డ్రైవ్‌ని ఫార్మాట్ చేయడానికి ఎక్స్‌ఫ్యాట్ మంచిదా, ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిదా? వేడి సంగతేంటి? వైజాగ్ వెళ్లి కొనాలా, ఆన్‌లైనా? పని అయ్యాక ఫుటేజ్ అందులోనే ఉంచేయొచ్చా?

ఆమదాలవలస బండి
అన్నా, ముందు కేబుల్ చూసుకో. మా అన్నయ్య స్టూడియోలో కొత్త డ్రైవ్ సెకనుకు 40 ఎంబీ దాటలేదు. అమ్మిన కొట్టువాడు డ్రైవ్ పోయిందని చెప్పి ఇంకోటి అంటగట్టబోయాడు. నేను వెళ్లి బాక్స్‌తో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టగానే 900 దాటింది. అంతవరకూ వాడింది ఫోన్ ఛార్జర్ కేబుల్. అలాంటివి చాలావరకు యూఎస్‌బీ 2.0 కేబుళ్లే, సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ దాటవు. రెండు కొసలూ టైప్-సీ ఉంటే చాలనుకుంటారు జనం. ఆ కొట్టువాడికి ఈ మాత్రం తెలియదా? తెలిసే చేశాడు.

చిప్‌సెట్ మాస్టారు
శ్రీకాకుళంలో ఐడీఈ కేబుళ్ల కాలం నుంచి డ్రైవులు బాగుచేస్తున్న మనిషిని. నా మాట వినండి. బాక్స్ మీద పేరు వదిలేసి లోపలి చిప్ ఏదో అడగండి. 10 జీబీపీఎస్‌కి రియల్‌టెక్ ఆర్‌టీఎల్9210బీ గానీ, ఏఎస్‌మీడియా 2362 గానీ. 20కి 2364. 40కి 2464పీడీ. 9210బీలో ఎం.2 సాటా కార్డు (చూడ్డానికి ఎన్‌వీఎంఈలాగే ఉండే పాత రకం ఎస్‌ఎస్‌డీ) కూడా పనిచేస్తుంది. ఏఎస్‌మీడియావి ఎన్‌వీఎంఈకి మాత్రమే. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సాటా కార్డు తెచ్చి ఇందులో పెట్టి, డ్రైవ్ కనపడటం లేదని నా దగ్గరకి వచ్చేవాళ్లు ఎందరో.

20 జీబీపీఎస్ బాక్స్ కొనకండి. మీ ల్యాప్‌టాప్‌లో అది 10కే ఆగుతుంది. 20 రావాలంటే యూఎస్‌బీలో 2×2 అనే పద్ధతి ఉండాలి, చాలా మ్యాక్‌లకి అది లేదు, అక్కడా 10 దగ్గరే ఆగుతుంది. కొంటే 10ది కొనండి, లేదా 40ది.

డ్రైవ్ మాత్రం డీరామ్ (డ్రైవ్ తన లెక్కలు పెట్టుకునే సొంత మెమరీ చిప్) ఉన్నదే తీసుకోండి. డీరామ్ లేని డ్రైవులు కంప్యూటర్ ర్యామ్‌లో కొంచెం అప్పు తీసుకుని బతుకుతాయి, దాన్నే హెచ్‌ఎంబీ అంటారు. యూఎస్‌బీ బాక్స్‌లో పెడితే ఆ అప్పు పుట్టదు. డబ్బు నీళ్లపాలు.

పలాస జీడి
మాస్టారూ, హెచ్‌ఎంబీ విషయం నిజమే, నీళ్లపాలన్నది మాత్రం నిజం కాదు. ఆయన రాసేవి పెద్దపెద్ద వీడియో ఫైళ్లు, వరసగా రాసేవి. డబ్ల్యూడీ ఎస్‌ఎన్770లో డీరామ్ లేదు. నేను 10 జీబీపీఎస్ బాక్స్‌లో పెట్టి వాడుతున్నాను, కాపీ చేసేటప్పుడు గీత గీసినట్టు 1000 దగ్గర ఉంటుంది. చూడాల్సింది లోపలి మెమరీ టీఎల్‌సీనా (ఒక్కో గడిలో మూడు బిట్లు), క్యూఎల్‌సీనా (నాలుగు బిట్లు) అన్నది. క్యూఎల్‌సీ డ్రైవులు మొదట పరిగెత్తుతాయి. వాటిలోని వేగమైన భాగం, అంటే కాష్, నిండిందంటే హార్డ్ డిస్క్ వేగానికి వచ్చేస్తాయి. పెళ్లి ఫుటేజ్ మొత్తం ఒకేసారి దింపేవాళ్లకి దెబ్బ అక్కడే.

చిప్‌సెట్ మాస్టారు
కాపీ ఒక్కటే పనా బాబూ? ఎడిటింగ్ అంటే థంబ్‌నైళ్లు, ఆడియో వేవ్‌ఫామ్ ఫైళ్లు, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు), ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే కాష్, వేల కొద్దీ చిన్న ఫైళ్లు. డీరామ్ లేనిది అక్కడ ఆయాసపడుతుంది. ఒక డ్రైవ్ కొని సలహాలు చెప్పడం వేరు, రోజూ పదిమంది డ్రైవులు విప్పి చూడటం వేరు.

పలాస జీడి
నేను ఎన్ని డ్రైవులు కొన్నానో మీకెలా తెలుసు? చిన్న ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్ లోపలి డ్రైవ్ మీద పెట్టుకోమని ప్రతి ఎడిటర్‌కీ తెలుసు. కాష్ బయటి డ్రైవ్ మీద పెట్టేది ఎవరండీ? టీఎల్‌సీతో వచ్చిన మోడల్ పేరు మీదే లోపల క్యూఎల్‌సీ పెట్టి అమ్మేస్తున్న రోజుల్లో డీరామ్ డీరామ్ అని జనాన్ని ఎక్కువ ధరకి నెట్టకండి. క్రూషియల్ పీ3 1 టీబీ క్యూఎల్‌సీ, కంపెనీ ఇచ్చిన రాత హామీ (డ్రైవ్ మీద మొత్తం ఎంత డేటా రాయొచ్చన్న హామీ) 220 టీబీ. శాంసంగ్ 970 ఈవో ప్లస్ 1 టీబీ టీఎల్‌సీ, 600 టీబీ. కొనేవాడు చూడాల్సిన అంకె అది.

చిప్‌సెట్ మాస్టారు
970 ఈవో ప్లస్‌లో డీరామ్ ఉంది. నా మాట మీరే ఒప్పుకున్నారు.

పలాస జీడి
ఎస్‌ఎన్770 1 టీబీకి కూడా 600 టీబీయే. డీరామ్ లేకుండానే. ఇప్పుడేమంటారు?

బొబ్బిలి వీణ
మీ ఇద్దరూ ఆగండి. అసలు ఆయనకి ఎంత వేగం కావాలో ఎవరైనా లెక్కేశారా? 4కే 100 మెగాబిట్లలో తీస్తే సెకనుకు 12.5 ఎంబీ. మూడు కెమెరాలు కలిపి ప్లే చేసినా 40 ఎంబీ లోపే. ఆల్-ఇంట్రాలో (ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా రాసే పద్ధతిలో) 600 మెగాబిట్లు తీసినా ఒక్కో కెమెరాకి 75 ఎంబీ. మూడు కలిపితే 225. నా దగ్గరున్న 2.5 అంగుళాల సాటా డ్రైవ్ 500 పైనే ఇస్తుంది, దాని మీదే ముహూర్తాలన్నీ గట్టెక్కిస్తున్నాను.

కార్డుల సంగతి ఇంకా చెప్పలేదు. యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డుకి వేగం పైహద్దు సెకనుకు 104 ఎంబీ, యూహెచ్‌ఎస్-2 అంతకంటే వేగమైన రకం. 64 జీబీ కార్డు ఖాళీ చేయడానికి 90 ఎంబీ వేగంతో పన్నెండు నిమిషాలు. మీరు 40 జీబీపీఎస్ బాక్స్ పెట్టినా అదే పన్నెండు నిమిషాలు. ఆ డబ్బుతో యూహెచ్‌ఎస్-2 కార్డులు, రీడర్ కొనుక్కుంటే రాత్రి నిద్ర మిగులుతుంది. కెమెరా కూడా యూహెచ్‌ఎస్-2 తీసుకునేదై ఉండాలి, అది చూసుకోండి.

నాగావళి ఒడ్డు
ఆ మ్యాక్ మీద ఆల్బమ్‌లు చేసే జాతి మనిషిని నేనే కాబట్టి చెప్తున్నాను. స్టూడియో వాళ్లందరికీ ఒక దండం. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ తెచ్చి, డిజైన్లు ఇందులోనే వేసేయండి మేడమ్ అంటారు. మ్యాక్ దాన్ని చదువుతుంది, రాయదు. దాని కోసం నేను వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా? ఎక్స్‌ఫ్యాట్ చేసి తీసుకురండి. కాకపోతే ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (చేస్తున్న మార్పులని ముందే చిట్టా రాసుకోవడం) లేదు. రాస్తుండగా కేబుల్ లాగేస్తే ఫోల్డర్లు పోయే ప్రమాదం ఎక్కువ. బైక్ స్టార్ట్ చేసి బయట హారన్ కొడుతూ, ఎజెక్ట్ అక్కర్లేదు ఇచ్చేయండి అనేవాళ్లకి నేను ఇకమీదట డ్రైవ్ ఇవ్వను.

రాజాం రామచిలుక
మేడమ్ చెప్పింది వంద శాతం. మా ఊళ్లో ఇంకో గోల ఉంది. పెళ్లయి నాలుగేళ్ల తర్వాత వచ్చి ఒరిజినల్ ఫుటేజ్ ఇవ్వండి అంటారు. ఎడిట్ చేసిన వీడియో, ఆల్బమ్ ఇచ్చాక కూడా మేమే దాచాలా? డిస్కులకి డబ్బు ఎవరిస్తారు?

నాగావళి ఒడ్డు
అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆరు నెలల తర్వాత మా బాధ్యత లేదని రాసి సంతకం పెట్టించుకుంటే సరి.

రాజాం రామచిలుక
పెళ్లికూతురి తండ్రి చేత సంతకమా! మా దగ్గర అలా అడిగితే పని పక్క స్టూడియోకి పోతుంది.

కోట జంక్షన్ ఫోకస్
వేడి గురించి ఎవరూ చెప్పలేదు. మండపంలో దింపుకునేటప్పుడు మే నెలలో బాక్స్ చేత్తో పట్టుకోలేకపోతున్నామని మావాళ్లు అంటున్నారు.

టెక్కలి కుర్రాడు
నేను చెప్తాను. సిరిమానోత్సవం నాడు ఐఫోన్ 15 ప్రోకి ఎస్‌ఎస్‌డీ తగిలించి ప్రోరెస్ (పెద్ద సైజు ఫైళ్లొచ్చే వీడియో ఫార్మాట్) తీశాను. ఆ జనంలో, ఆ ఎండలో బాక్స్ చెయ్యి కాలేంత వేడెక్కింది గానీ రికార్డింగ్ ఆగలేదు. కారణం థర్మల్ ప్యాడ్. డ్రైవ్ చిప్పులకీ అల్యూమినియం మూతకీ మధ్య ఆ ప్యాడ్ సరిగ్గా తగలాలి. చాలామంది దాని మీది ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేస్తారు. మూత వేడెక్కిందంటే లోపలి వేడి బయటికి వస్తోందని అర్థం, దానికి టెన్షన్ పడక్కర్లేదు. మూత చల్లగా ఉండి వేగం పడిపోతుంటే అప్పుడు విప్పి చూడండి.

వేడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది వదులు కేబుల్. జనంలో ఒక్క తోపుకి టైప్-సీ ఊడితే ఆ క్లిప్ పోయినట్టే. కేబుల్‌ని రిగ్‌కి బిగించే క్లాంప్ తప్పకుండా పెట్టండి. పాత డెస్క్‌టాప్ ముందు పోర్టుల్లో మాత్రం పెట్టకండి. యూఎస్‌బీ 3.0 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 4.5 వాట్లే, పెద్ద జెన్4 (నాలుగో తరం) డ్రైవులు రాసేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతాయి. మధ్యలో డిస్‌కనెక్ట్ అయితే జనం డ్రైవ్‌ని తిడతారు.

చిప్‌సెట్ మాస్టారు
ఈ కుర్రాడు సరిగ్గా చెప్పాడు. జెన్4 డ్రైవ్ సెకనుకు 7000 ఎంబీ ఇస్తుందని మురిసిపోయి 10 జీబీపీఎస్ బాక్స్‌లో పెడితే వచ్చేది 1000, మిగిలేది వేడి. జెన్3 చాలు. డీరామ్ ఉన్న జెన్3.

పలాస జీడి
మళ్లీ డీరామ్! సరే, దాన్ని వదిలేస్తున్నాను. దాచిపెట్టడం గురించి అడిగారు కదా, అది ముఖ్యం. ఎస్‌ఎస్‌డీలో రాసి బీరువాలో పడేయకండి. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకి జెడెక్ (చిప్పుల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన ప్రమాణం, రాత హామీ అంతా అరిగిపోయిన డ్రైవ్ కూడా కరెంటు లేకుండా 30 డిగ్రీల్లో ఏడాది డేటా నిలపాలని. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది, మన గదుల్లో వేసవి 30 దగ్గర ఆగదు కదా. పని చేయడానికి ఎస్‌ఎస్‌డీ, దాచడానికి రెండు హార్డ్ డిస్కులు. ఆ రెండూ ఒకే ఇంట్లో వద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు ఇళ్ల కప్పులే ఎగిరిపోయాయి. ఒకటి చుట్టాలింట్లో పెట్టండి.

కోట జంక్షన్ ఫోకస్
సరే, 10 జీబీపీఎస్ బాక్స్ 9210బీ చిప్‌ది, టీఎల్‌సీ జెన్3 డ్రైవ్, ఎక్స్‌ఫ్యాట్. దాచడానికి నా దగ్గరున్న పాత డిస్కులు బయటికి తీస్తాను. కొనడం ఎక్కడో చెప్పండి.

ఆమదాలవలస బండి
ఎక్కడైనా కొను అన్నా, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేవాడి పేరు చూడు, ప్యాకెట్ విప్పుతూ వీడియో తీయి. ఇంటికొచ్చాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చదివించు. విండోస్‌లో 2 టీబీ డ్రైవ్ 1.81 అని చూపిస్తే కంగారు పడకు, అది లెక్క తేడా. నింపిన డేటా తిరిగి చదివేటప్పుడు తప్పులు చూపిస్తే అదే రోజు వాపసు ఇచ్చేయి. ఈ పరీక్ష అయ్యేదాకా పెళ్లి ఫుటేజ్ ఒక్క ఫైలు కూడా అందులో వేయకు.