పాత బ్లాగు పోస్టులు పడేసి కొత్త సైటుకి మారితే గూగుల్‌లో మన చోటు మిగులుతుందా?

బరంపురం కొట్టు:
మాది బరంపురం. పెదనాన్నగారి పట్టుచీరల కొట్టు కోసం 2013లో సొంత డొమైన్ కొని బ్లాగర్‌లో రాయడం మొదలుపెట్టాను, ఇప్పటికి 140 పోస్టులయ్యాయి, అన్నీ తెలుగులోనే. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి పెళ్ళిచీరలకి వచ్చేవాళ్ళు చాలామంది గూగుల్‌లో చూసే వస్తారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముదామని అదే డొమైన్‌తో షాపిఫైకి మారుతున్నాం. సైటు చేస్తున్న కుర్రాడేమో పాత పోస్టులన్నీ చెత్త, ఆ అడ్రసులు చూస్తే నవ్వొస్తోంది, పడేద్దాం అంటున్నాడు. పెదనాన్న అతని వైపే. నాకేమో టెన్షన్. పడేయొచ్చా?

పర్లాకిమిడి:
అస్సలు వద్దు తమ్ముడూ. ఆ అడ్రసులు ఎందుకలా ఉన్నాయో అతనికి తెలిసినట్టు లేదు. తెలుగులో శీర్షిక పెడితే బ్లాగర్ దాన్ని అడ్రసుగా మార్చలేక ‘బ్లాగ్-పోస్ట్’ అని పెట్టేస్తుంది, తర్వాతి పోస్టుకి అదే మాట వెనక ఓ అంకె తగిలిస్తుంది. చూడ్డానికి బాగోదు, నిజమే, కానీ ఇన్నేళ్ళుగా గూగుల్‌కి తెలిసిన గుమ్మం అదే, జనం వాట్సాప్‌లో పంచుకున్నదీ అదే. షాపిఫైలో ఆ అడ్రసులు ఉంచుకోవడం ఎలాగూ కుదరదు, వ్యాసానికి ‘బ్లాగ్స్’ అని, వస్తువుకి ‘ప్రోడక్ట్స్’ అని పెట్టి తీరుతుంది. కాబట్టి ప్రతి పాత పేజీ నుంచి దాని కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ పెట్టు, అంటే పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు. అన్నిటినీ తీసుకెళ్ళి హోమ్‌పేజీ మీద పడేస్తే గూగుల్ వాటిని లేని పేజీల కిందే జమకడుతుంది. పెట్టినవి కనీసం ఏడాది తీయకు.

రాయగడ:
140 రీడైరెక్ట్‌లా? పనీపాటా లేకపోతే పెట్టుకోండి. 2014 దసరా డిస్కౌంట్ పోస్టు ఇప్పుడెవడు వెతుకుతాడు? పైగా రీడైరెక్ట్ పెట్టినా కొంత బలం పోతుంది. ఆ టైములో మంచి పేజీలు ఓ పది కొత్తగా రాసుకుంటే పోలా.

పర్లాకిమిడి:
బలం పోతుందన్నది పాత మాట గురూ. రీడైరెక్ట్‌ల వల్ల పేజ్‌ర్యాంక్, అంటే లింకుల వల్ల పేజీకి వచ్చే బలం, తగ్గదని గూగుల్‌లో పనిచేసే గ్యారీ ఇల్యెస్ 2016లోనే చెప్పాడు. దెబ్బ తగిలేది ఎక్కడంటే, మారే ఊపులో శీర్షికలు, రాత, లోపలి లింకులు కూడా మార్చేసినప్పుడు. దసరా పోస్టు సంగతి ఒప్పుకుంటా, దానికి సరిపడే పేజీ లేకపోతే ‘పేజీ లేదు’ అనే 404 రానివ్వండి, కొంప మునగదు. కానీ ఏది చెత్తో లెక్క చూసి చెప్పాలి. గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్‌లో ఏ పేజీకి వెతుక్కుంటూ ఎంతమంది వచ్చారో 16 నెలల లెక్క ఉంటుంది, ముందు అది దింపుకోండి.

సిరొంచ:
ప్రాణహిత ఒడ్డు నుంచి ఇంకో మాట. అసలు బ్లాగు కదపడం ఎందుకు? డొమైన్‌ని బ్లాగర్ మీదే ఉంచి, దాని ముందు ‘షాప్’ అని తగిలించి ఓ సబ్‌డొమైన్ చేసి దాన్ని షాపిఫైకి ఇవ్వండి. మా ఎరువుల కొట్టు సైటు వర్డ్‌ప్రెస్‌కి మార్చినప్పుడు రీడైరెక్ట్‌లన్నీ నేనే కూర్చుని ఒక్కొక్కటీ పెట్టి, తెరిచి చూసుకుని, బ్రహ్మాండం అనుకున్నాను. మూడు వారాలకి చూస్తే ఊరి పేరుతో కలిపి కొట్టినా మా కొట్టు రాదు. సైటు తయారయ్యేదాకా సెర్చ్ ఇంజన్లు రాకుండా సెట్టింగ్స్‌లో ఓ టిక్ పెట్టుకున్నాం, తెరిచాక తీయడం మరిచాం. ఒక్క టిక్! అదీ ఖరీఫ్ మొదలయ్యే రోజుల్లో. మా బావ ఇప్పటికీ దెప్పుతాడు.

పర్లాకిమిడి:
టిక్ మరిచిపోవడం బ్లాగు కదిపిన తప్పు కాదు కదండీ. రెండిళ్ళ కాపురం పెడితే రేపు రెండూ ఊడ్చుకోవాలి. ఇతనికి ఒక్క మనిషే ఉన్నాడు.

బరంపురం కొట్టు:
లెక్క దింపాను. అన్నిటికంటే ఎక్కువమందిని తెచ్చేది చీరల పేజీ కాదు. ‘పట్టుచీర మీద నూనె మరక పడితే’ అని 2016లో మా అమ్మ చెబుతుంటే రాసిన పోస్టు, టాల్కమ్ పౌడర్ చల్లి రాత్రంతా వదిలేయమన్నది. అడ్రసు చివర ‘బ్లాగ్-పోస్ట్_17’. కుర్రాడి పడేసే జాబితాలో అది మూడోది!

ఇంకోటి. అతను కొత్త శీర్షికలన్నిట్లో ‘గంజాం, ఒడిశా’ కొట్టేసి ఇంగ్లీషులో ‘బర్హంపూర్ సిల్క్’ అని మాత్రం ఉంచాడు. బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాకి ముఖ్యపట్టణం కూడా దాదాపు అదే పేరు, అక్కడా పట్టే. మా పట్టుచీరల ఫొడా కుంభ అంచు కోసం వెతికేవాళ్ళు మన దగ్గరికొస్తారా, అక్కడికి పోతారా?

రాయగడ:
సరే, మరకల పోస్టు ఉంచు. శీర్షికలూ పాతవే పెట్టించు. మిగతా 100కి పైగా వాటి మీద నా మాట మారదు.

పర్లాకిమిడి:
ఫోన్లో పంచుకున్న లింకుల చివర బ్లాగర్ ‘ఎం=1’ తగిలిస్తుంది, అలాంటివి కూడా నాలుగు తెరిచి చూడు. డొమైన్ మారడం లేదు కాబట్టి సెర్చ్ కన్సోల్‌లోని చేంజ్ ఆఫ్ అడ్రస్ జోలికి పోకు, అది నీకు కాదు. కొత్త సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా, గూగుల్‌కి ఇచ్చి కొన్ని వారాలు ఓపిక పట్టు, అటూఇటూ ఊగుతుంది. ముహూర్తాల ముందు మాత్రం మార్చకు, ఆషాఢంలో మార్చు.

బరంపురం కొట్టు:
ఆషాఢంలోనే కదన్నా మా డిస్కౌంట్లు! పెదనాన్న చంపేస్తారు. భాద్రపదం చూస్తాను.