మా పిల్లికి మూర్ఛ: మందు ఆపవచ్చా?

ప్రశ్న (అమలాపురం నుంచి)
నమస్కారమండి. మా నాలుగేళ్ల పిల్లికి రెండు నెలలుగా మూర్ఛ వస్తోంది. పశువైద్యులు ఫినోబార్బిటాల్ మాత్ర 12 గంటలకొకసారి వేయమన్నారు. పది రోజులుగా వేస్తుంటే మూర్ఛలు తగ్గాయి గానీ, పిల్లి తూలుతూ నడుస్తోంది, ఆకలి విపరీతంగా పెరిగింది. చూడలేక మాత్ర ఆపేయాలనిపిస్తోంది. మూర్ఛ వచ్చినప్పుడు తాళాల గుత్తి పట్టించమని అత్తగారంటున్నారు.

జవాబు (పాలకొల్లు నుంచి)
దయచేసి మీ అంతట మీరు ఆపకండి. ఈ మందు హఠాత్తుగా మానేస్తే మునుపటికంటే తీవ్రమైన మూర్ఛలు ఒకదాని వెంట ఒకటిగా రావచ్చు. మా పిల్లి కూడా మొదటి రెండు వారాలు అలాగే తూలింది, తర్వాత సర్దుకుంది. మందు మొదలైన రెండు మూడు వారాలకు రక్తంలో దాని స్థాయిని పరీక్షించి వైద్యులే మోతాదు సరిచేస్తారు. తాళాలు వద్దండి, నోటి దగ్గరకు చేయి పోనివ్వకుండా, చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా, రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జవాబు (రాజోలు నుంచి)
మా ఇల్లు కాలువ గట్టునే ఉంది కాబట్టి, నీటి పక్కన మూర్ఛ వస్తే పిల్లి బతకదన్న భయంతో దాన్ని బయటకు వదలడం మానేశాము. నూతికి కూడా వల కట్టించాము. ఇంట్లో కుక్క ఉంటే మరింత జాగ్రత్త: పిడుదులకు కుక్కల మీద వేసే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, దానివల్ల కూడా మూర్ఛ రావచ్చు. కుక్కల మూర్ఛకిచ్చే పొటాషియం బ్రోమైడ్ కూడా పిల్లి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండి. మాత్ర ఆపను. వచ్చే వారం రక్తపరీక్ష చేయిస్తాను.