వసంతంలో ఉన్నవి రెండు వారాలే: నారు నాటాలా, ట్రెక్‌కి వెళ్లాలా?

మంచుమడి (ప్రశ్న నాదే)
మా ఇద్దరికీ 1,800 మీటర్ల ఎత్తులో చిన్న కొండ ఇల్లు ఉంది, వాలు కింద ఆరు మళ్ల తోట. ఎండాకాలం టెంట్ వేసుకుని తిరుగుతాం, ఆకులు రాలే రోజుల్లో పొడుగు నడకలు నడుస్తాం, చలికాలం విత్తనాల పొట్లాలు ముందేసుకుని కూర్చుంటాం. గొడవంతా వసంతంలోనే. దారుల మీద మంచు కరిగేదీ, నారు బయటికి తీయాల్సిందీ ఒకే రెండు వారాలు. పోయినేడు మా ఆయన "తోట ఎక్కడికీ పారిపోదు" అని నాలుగు రోజుల ట్రెక్‌కి లాక్కెళ్లారు. వచ్చి చూస్తే టమాటా నారు 32 మొక్కలూ నల్లబడి, ఉడికిన ఆకుల్లా వేలాడుతున్నాయి. వరండా గోడకున్న థర్మామీటర్‌లో కనిష్ఠం 3 డిగ్రీలే చూపిస్తోంది. ఈ ఏడూ అదే పాట మొదలైంది. వెళ్లాలా, మానాలా?

శిఖరపిచ్చి
వెళ్లండి. ఇందులో అడగడానికేముంది? నారు మళ్లీ పోసుకోవచ్చు. దారి తెరుచుకున్న ఆ కొత్తల్లో వాగులు నిండుగా ఉంటాయి, పైన జనం ఉండరు, అది మళ్లీ ఏడాదికి గానీ రాదు. ఇంకో మాట. 3 డిగ్రీల దగ్గర మంచు కట్టదండీ. నీళ్లు గడ్డకట్టేది సున్నా దగ్గర, స్కూల్లో చదువుకున్నదే. ఇంట్లో పెంచిన నారుని ఎండకీ గాలికీ అలవాటు చేయకుండా నాటేసి ఉంటారు, వాడిపోయింది. దానికి ట్రెక్‌ని తిట్టుకుంటే ఎలా?

మట్టివేళ్లు
శిఖరపిచ్చి గారూ, ఆ 3 డిగ్రీలు ఎవరివి? గోడ మీద, మనిషి కంటి ఎత్తులో ఉన్న గాలివి. మొక్క ఉన్నది నేల మీద. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి, చుట్టూ ఉన్న గాలికంటే ఆకే ముందు చల్లబడుతుంది. పైన 3 ఉన్నప్పుడు ఆకు దగ్గర సున్నా కంటే కిందికి పోవడం మామూలే. పైగా గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది, థర్మామీటర్ దాన్నీ కలిపి చూపిస్తుంది.

మంచుమడి గారూ, మీ మళ్లు వాలు కింద ఉన్నాయన్నారు. అసలు తప్పు అక్కడుంది. చల్లగాలి బరువు, నీళ్లలాగే పల్లానికి జారి గుంటలో నిలబడుతుంది. అదే తోట వాలు మధ్యలో ఉంటే ఆ నారు బతికేదేమో.

నిద్రసంచి
ఈ సూత్రం టెంట్‌కీ పనికొస్తుంది. పల్లంలో వేస్తే పొద్దున్నకి లోపలంతా తడి. కాస్త ఎగువన, చెట్టు నీడన వేయండి. ఎండిన కొమ్మలు పైన వేలాడుతున్నాయేమో చూసుకుని మరీ.

శిఖరపిచ్చి
సిద్ధాంతాలు బాగున్నాయి. నేను పదిహేనేళ్లుగా కొండల మీద పడుకుంటున్నాను, 3 అంటే 3. సరే, కాసేపు మీదే నిజమనుకుందాం. అప్పుడు తేలేదేమిటి? తోట ఉన్నవాడు రాత్రిళ్లు ఆకాశం చూసి భయపడాలి. నా చిన్నప్పటి సెలవులన్నీ మా నాన్న తోటలో కలుపు తీయడంతోనే అయిపోయాయి. స్నేహితులు ఏటి ఒడ్డున టెంట్లు వేసుకుంటుంటే నేను బఠాణీ తీగలకి కర్రలు పాతేవాణ్ణి. తోట అంటే మెడకి తాడు, అనుభవించి చెప్తున్నాను.

మట్టివేళ్లు
మీ నాన్నగారి మీద కోపం ఈవిడ టమాటాల మీద చూపిస్తే ఎలాగండీ?

పాతగుడారం
ఇద్దరూ ఆగండి. టమాటా గురించి తప్ప మాట్లాడరా? బఠాణీ, క్యాబేజీ కొద్దిపాటి ఫ్రాస్ట్‌కి, అంటే ఆకుల మీద కట్టే మంచుకి, చావవు. వెల్లుల్లికి చలి కావాలి కూడా, అందుకే ఆకులు రాలే కాలంలోనే పాతుతారు. వసంతంలో ఇవి మళ్లలో ఉంచి తాళం వేసి వెళ్లొచ్చు. టమాటా, బీన్స్, దోస ఇంట్లోనే ఉంచి తిరిగొచ్చాక నాటుకోండి. తప్పదనుకుంటే ముందురోజు మట్టి బాగా తడపండి, తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. సాయంత్రం పల్చటి ఫ్రాస్ట్ గుడ్డ కప్పి అంచులు నేలకి ఆనేలా రాళ్లు పెట్టండి. రెండు డిగ్రీలు కాపాడినా పంట దక్కుతుంది.

శిఖరపిచ్చి
చూశారా, దారి దొరికింది. ఇక వెళ్లకపోవడానికి కారణమేంటి? ఏమీ అనుకోకండి మంచుమడి గారూ, మొదటినుంచీ మీ మాటల్లో నాకు కనపడుతున్నది ఒకటే. మీకు నడవడం ఇష్టం లేదు, తోట ఒక సాకు.

నిద్రసంచి
అబ్బో.

మంచుమడి
సాకా? సరే, చెప్తాను వినండి.

మా ఆయన ఏ దారికైనా ముందే లెక్క వేస్తారు. నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రమట. 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. పోయినేడు మొదటిరోజు 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు. మూడు గంటల యాభై నాలుగు నిమిషాలని కాగితం మీద రాశారు. నాకు ఆరు గంటలు పట్టింది. ఆయనెప్పుడూ రెండు మలుపుల ముందుంటారు. నేను రొప్పుతూ చేరేసరికి రాయి మీద కూర్చుని నీళ్లు తాగేసి, చెమట ఆరి, బ్యాగు భుజానికి తగిలించుకుని "వచ్చావా, పద" అంటారు. ఆయన విశ్రాంతి అయిపోయింది కదా. నాది ఎప్పుడు? నాలుగు రోజులు ఆయన వీపు కూడా కనపడలేదు నాకు, బ్యాగు మీది ఎర్ర కవరు తప్ప.

తోటలో అలా కాదు. ఒక మడికి అటు ఆయన, ఇటు నేను. నేను గుంట తీసేదాకా మొక్క చేతిలో పట్టుకుని కూర్చుంటారు.

శిఖరపిచ్చి
నేస్మిత్ సూత్రంలో తప్పేం లేదు. ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు.

మట్టివేళ్లు
ఆవిడ ఏం చెప్పింది, మీరు ఏం పట్టుకున్నారు! పోనీ సూత్రం గురించే మాట్లాడదాం. అది ఆరోగ్యంగా, అలవాటుగా నడిచేవాడి లెక్క. అందులో కూర్చునే సమయం లేదు, టెంట్ మోసే బరువు లేదు. ఆరు గంటలు పట్టిందంటే మనిషి ఆలస్యం కాదండీ, కాగితం తొందరపడింది.

నిద్రసంచి
మంచుమడి గారూ, రాత్రిళ్లు మీకొక్కరికే చలేసిందా? స్లీపింగ్ బ్యాగ్ మీద అది ఎంత చలిదాకా ఆగుతుందో చెప్పే ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) అంకెలు రెండుంటాయి, చూడండి. కంఫర్ట్ అన్నది ఆడవాళ్ల శరీరాన్ని కొలతగా తీసుకుని వేసింది, లిమిట్ అన్నది ముడుచుకుని పడుకున్న మగవాడికి. పెద్ద అక్షరాల్లో వేసేది చాలాసార్లు రెండోదే. ఇద్దరికీ ఒకేరకం కొనే జంటల్లో ఒకరు తెల్లవార్లూ వణుకుతుంటారు.

మంచుమడి
ఇద్దరికీ ఒకేరకం. కొన్నది ఆయనే.

పాతగుడారం
మా ఇంట్లో ఇది ఎప్పుడో తేల్చుకున్నాం. మెల్లగా నడిచేవాళ్లు ముందు నడుస్తారు, మ్యాప్ వాళ్ల దగ్గరే. ఆగేదెప్పుడో వాళ్లే చెప్తారు. వెనకున్నవాళ్లకి మొదటి గంట చిరాగ్గా ఉంటుంది, తర్వాత పూలు కనపడటం మొదలవుతుంది. నాలుగు రోజులు కాకుండా రెండు రోజులకి అడిగి చూడండి, ఒప్పుకుంటారు. పైకి చదివి వినిపించక్కర్లేదు, ఆ "నాది ఎప్పుడు" అన్న పేరా ఒక్కటి ఫోన్లో చూపించండి.

మంచుమడి
చూపించాను. రెండుసార్లు చదివారు. ఏమీ అనకుండా వెళ్లి బ్యాగు మీది ఎర్ర కవరు తీసి, నా బ్యాగుకి తొడుగుతున్నారు. కోపమో ఏమో ఇంకా తెలీదు.

శిఖరపిచ్చి
మా ఆవిడ మూడేళ్ల క్రితం ట్రెక్‌లకి రావడం మానేసింది. మోకాలు నొప్పి అంది. మెట్లు మాత్రం రోజూ బాగానే ఎక్కుతోంది. నేను ఎప్పుడూ అడగలేదు.

ఏదేమైనా, 3 డిగ్రీల దగ్గర మంచు కట్టదు.

మట్టివేళ్లు
ఈ రాత్రి మబ్బు లేకపోతే థర్మామీటర్ గడ్డి మీద పెట్టి పడుకోండి. పొద్దున్నే మాట్లాడదాం.