ఒకే ఫోన్, రోజుకు 1.5 జీబీ: ఇంటి నుంచి సెమిస్టర్ పరీక్ష రాసి పేపర్లు అప్‌లోడ్ చేయడం ఎలా?

కొత్తపేట_డిగ్రీ:
నమస్తే అండీ. మాది విజయవాడ కొత్తపేట, కొండ మీద ఇల్లు, రెండు గదులు. కరోనా వల్ల వచ్చే వారం నుంచి సెమిస్టర్ పరీక్షలు ఇంటి నుంచే. 3 గంటలు తెల్ల కాగితాల మీద రాసి, తర్వాత 30 నిమిషాల్లో పీడీఎఫ్ చేసి పోర్టల్‌లో పెట్టాలి. 5 ఎంబీ దాటకూడదు. ఉన్నది ఒక్కటే ఫోన్. రోజుకిచ్చే 1.5 జీబీలో సగం పైన తమ్ముడి ఇంటర్ క్లాసులకే పోతోంది. మాక్ టెస్టులో 18 పేజీలూ ఎక్కలేదు, చక్రం తిరుగుతూనే ఉంది. ఎక్కడ తప్పు జరిగి ఉంటుంది? పరీక్షల మధ్యలో ఇంట్లో ఎవరికైనా కరోనా పాజిటివ్ వస్తే ఏం చేయాలి?

పటమట_ల్యాబ్:
చెల్లీ, ముందు డేటా లెక్క చూడు. రోజు కోటా అయిపోతే చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లే. 5 ఎంబీ ఫైలుకి, అంతా సవ్యంగా ఉంటేనే, దాదాపు 11 నిమిషాలు. అదే ఫొటోలు తీసినవి తీసినట్టు పెడితే, ఒక్కోటి 3 ఎంబీ అనుకున్నా 18 పేజీలు 54 ఎంబీ. రెండు గంటల పని. నీ చక్రం తిరిగింది అందుకే అయ్యుండాలి.

కోటా అర్ధరాత్రి మళ్లీ మొదలవుతుంది. పరీక్ష రోజు పొద్దున తమ్ముణ్ణి గూగుల్ మీట్ సెట్టింగ్స్‌లో డేటా తక్కువ వాడే ఆప్షన్ ఆన్ చేసి, తన కెమెరా ఆపేసి వినమను. 200 ఎంబీ అయినా నీకు మిగలాలి. మిగలదనుకుంటే ముందురోజు రాత్రే టాపప్ వేయించుకో. ఆ అరగంటలో రీఛార్జి చేద్దామంటే ఓటీపీ రాక కొంప మునుగుతుంది.

క్యామ్‌స్కానర్ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఉంది, దాని జోలికి పోవద్దు. అడోబ్ స్కాన్ లాంటిది వేసుకో. అడోబ్ స్కాన్ ఫైలుని క్లౌడ్‌లో దాచుతుంది. ఫోన్‌లోకి విడిగా సేవ్ చేయకపోతే పోర్టల్‌లో వెతికితే కనపడదు. చాలామంది చివరి పది నిమిషాలు పోగొట్టుకునేది ఇక్కడే. స్కాన్ చేసేటప్పుడు, యాప్‌లో ఉంటే, బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టు, ఫైలు బాగా చిన్నదవుతుంది.

లాడ్జిసెంటర్_గుంటూరు:
ఒక్క సవరణ. రాత పేజీలకి బ్లాక్ అండ్ వైట్ సరే, పెన్సిల్‌తో గీసిన బొమ్మలూ గ్రాఫులూ ఉన్న పేజీలకి వద్దు. సన్నటి పెన్సిల్ గీతలు మొత్తం ఎగిరిపోతాయి. దిద్దేవాళ్లకి భాగాల పేర్లు మాత్రం కనిపిస్తాయి, బొమ్మ ఉండదు. ఆ పేజీలకి గ్రేస్కేల్ పెట్టమ్మా, లేదా బొమ్మని పెన్నుతో దిద్దు.

కాగితానికి ఒక పక్కే రాయి. పల్చటి కాగితమైతే వెనక సిరా ఇవతలికి కనిపించి స్కాన్‌లో రెండు పేజీలు కలిసిపోయినట్టుంటుంది. నాలుగు వైపులా వేలెడంత మార్జిన్ వదులు, అంచు దాకా రాస్తే యాప్ కత్తిరించేస్తుంది. ప్రతి పేజీ పైన హాల్ టికెట్ నంబరు, పేజీ నంబరు రాస్తూ పో, చివర్లో రాద్దామనుకోకు.

స్కాన్‌కి చోటు ముందే చూసుకో. కిటికీ పక్కన నేల మీద ముదురు రంగు దుప్పటి పరిచి దాని మీద కాగితం పెడితే యాప్ అంచులు వెంటనే పట్టుకుంటుంది. తెల్ల గచ్చు మీద పెడితే తడబడుతుంది. ట్యూబ్‌లైట్ నీ నెత్తి మీదుంటే ఫోన్ నీడ కాగితం మీద పడుతుంది, వెలుగు పక్కనుంచి రావాలి. అన్నీ అయ్యాక ఫైలు ఒకసారి తెరిచి పేజీల వరస చూడు. సబ్మిట్ అయిందన్న స్క్రీన్‌ని తప్పకుండా స్క్రీన్‌షాట్ తీసి ఉంచు. తర్వాత ఫైలు రాలేదంటే చూపించడానికి నీ దగ్గర ఉండేది అదే.

కొత్తపేట_డిగ్రీ:
చాలా థాంక్స్ అండీ. మాకు కొండ వైపు గదిలో సిగ్నల్ ఒక్క గీతే. మధ్యాహ్నం ఫోన్ వేడెక్కి కెమెరా మూసుకుపోతోంది.

పటమట_ల్యాబ్:
స్కాన్‌కి నెట్ అవసరం లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి లోపల స్కాన్ చేసి, అప్‌లోడ్‌కి మాత్రం ఊరు కనిపించే వైపు వరండాలోకో మేడ మీదికో వెళ్లు. నీడలో నిలబడు. వేడికి, పౌచ్ తీసేసి, ఛార్జింగ్ పీకేసి ఫ్యాన్ కింద పెట్టు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. 4జీలో కాల్ మాట్లాడే వీల్లేని పాత ఫోనైతే అప్‌లోడ్ మధ్యలో కాల్ వచ్చిందా, డేటా తెగిపోతుంది. ఆ అరగంట ఫోన్ చేయొద్దని చుట్టాలకి ముందే చెప్పించు.

కృష్ణలంక_నర్సింగ్:
పాజిటివ్ సంగతి నేను చెప్తాను. రెండు గదులే కాబట్టి కిటికీ ఉన్న గది పేషెంటుకి ఇవ్వండి, కిటికీ తెరిచే ఉంచండి. స్కాన్‌కి ఇంకో వెలుగున్న చోటు, గుమ్మం దగ్గరో వరండాలోనో, ఇప్పుడే చూసి పెట్టుకో. బాత్రూమ్ ఒకటే అయితే పేషెంటు అందరికన్నా చివర వాడాలి. ఆ ఫోన్ పేషెంటు చేతికి ఇవ్వొద్దు.

ఆక్సీమీటర్ రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టి కాగితం మీద రాయండి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టాలి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. మళ్లీ మళ్లీ చూసినా ఆక్సిజన్ 94 శాతం కన్నా తక్కువుంటే, లేదా ఆయాసం వస్తుంటే, పరీక్ష సంగతి పక్కన పెట్టి 108 అంబులెన్స్‌కి చేయండి.

నీకే వస్తే, పరీక్ష అయ్యేదాకా ఆగకుండా రిపోర్టు రాగానే పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టు. ఆర్టీపీసీఆర్ రిపోర్టు, హాల్ టికెట్ నంబరు, ఏ తేదీన ఏ పేపరో అందులో ఉండాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, రాతపూర్వకంగా ఉండాలి.