వెస్నోత్ ఏఐకి కొత్త క్యాండిడేట్ యాక్షన్: స్కోరు ఎక్కడ పెట్టాలి, ఎన్ని ఆటలతో నిరూపించాలి?

విద్యార్థిగా బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే ఓపెన్ సోర్స్ వ్యూహాత్మక ఆటకి కోడ్ రాయడానికి ప్రపోజల్ తయారుచేస్తున్నాను. శత్రువు వేగంగా వచ్చి లాక్కునే అవకాశమున్న మన గ్రామాల్లో ముందే ఒక యూనిట్‌ని నిలబెట్టే క్యాండిడేట్ యాక్షన్‌ని (ఏఐ తన టర్న్‌లో ఎంచుకోగల ఒక రకం పని) లూవా స్క్రిప్టింగ్ భాషలో రాయాలన్నది ఆలోచన.

చిక్కంతా స్కోరు దగ్గరే. ప్రతి యాక్షన్ ఎవాల్యుయేషన్‌లో తన స్కోరు చెబుతుంది, ఎక్కువ స్కోరున్నది ముందు అమలవుతుంది (ఎగ్జిక్యూషన్). డిఫాల్ట్ ఏఐలో దాడికి 1,00,000, గ్రామాలు పట్టుకోవడానికి 60,000 ఉన్నాయి. నాది లక్ష దాటితే మంచి దాడి చేయగల యూనిట్ కూడా కాపలాకి పోతుంది. తగ్గిస్తే ఆ యూనిట్ అప్పటికే దాడి చేసేసి ఉంటుంది, ఇక కదలలేదు. అందుకే లక్షకి కాస్త పైన పెట్టి, లాభసాటి దాడి ఉన్న యూనిట్లని ఎవాల్యుయేషన్‌లోనే వదిలేద్దామనుకుంటున్నాను. కానీ ప్రతి ఎగ్జిక్యూషన్ తర్వాత ఎవాల్యుయేషన్లు మళ్లీ మొదటి నుంచి నడుస్తాయి కాబట్టి పెద్ద మ్యాపుల్లో ఏఐ నెమ్మదిస్తుంది. దాడుల విశ్లేషణని ఏఐ దగ్గర నుంచే తీసుకోవడం మేలా, లేక నేనే ఉజ్జాయింపుగా లెక్క కట్టుకోవాలా?

ఇంకొకటి: యూనిట్ ఇప్పటికే గ్రామంలో ఉంటే ఎగ్జిక్యూషన్‌లో ఏమీ మారదు, దాంతో ఆ టర్న్‌కి యాక్షన్ బ్లాక్‌లిస్టులో పడుతుంది, అంటే ఏఐ దాన్ని పక్కన పెట్టేస్తుంది. అక్కడ ఎవాల్యుయేషన్ సున్నా ఇస్తే మిగతా గ్రామాల సంగతేంటి? ఆ యూనిట్‌కి మిగిలిన కదలికని ఆపేయడం సరైన పద్ధతేనా?

పరీక్షకి తెర లేకుండా ఏఐ మీద ఏఐని ఆడించి, పక్షాలు మార్చి మళ్లీ ఆడిస్తాను. 100 ఆటల్లో గెలుపు శాతానికి ప్రామాణిక దోషం (యాదృచ్ఛికంగా వచ్చే తేడా అంచనా) సుమారు 5 శాతం పాయింట్లు, 400 ఆటల్లో 2.5. ప్రపోజల్‌ని చూసే మెంటర్లు మామూలుగా ఎన్ని ఆటల ఫలితాన్ని నమ్ముతారు? ఒకే మ్యాప్ సరిపోతుందా?