మా వాడికి ట్యూబా కొంటున్నాం, ఈ "యార్క్ కాపీ" అంటే ఏంటి?

ప్రశ్న:
నమస్తే అండి. మా అబ్బాయి ఇక్కడ ఒహాయోలో హైస్కూల్ బ్యాండ్‌లో ట్యూబా (బాగా మంద్రంగా పలికే పెద్ద ఇత్తడి బూర) వాయిస్తాడు. వాడికి సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్‌ది కొందామని చూస్తుంటే ఒకచోట జర్మన్ రోటరీ అంటారు, ఒకచోట పిస్టన్ అంటారు, ఇంకోచోట యార్క్ కాపీ అని చెప్పి రేటు బాగా పెంచేశారు. అసలు ఈ డిజైన్లన్నీ ఎక్కడ మొదలయ్యాయి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇత్తడి_బూర:
బెర్లిన్‌లో అండి. సైనిక బ్యాండ్లు నడిపే వీప్రెక్ట్, వాయిద్యాలు చేసే మోరిట్జ్ కలిసి 1835 సెప్టెంబర్ 12న ప్రష్యాలో బాస్ ట్యూబాకి పేటెంట్ తీసుకున్నారు. దానికి 5 వాల్వులు. అంతకు ముందు మంద్రస్థాయికి సర్పెంట్ ఉండేది, అంటే పాములా మెలికలు తిరిగి తోలు చుట్టిన చెక్క గొట్టం, ఆ తర్వాత ఒఫిక్లైడ్ వచ్చింది, అది 1821లో పారిస్‌లో పేటెంట్ అయింది. ఒఫిక్లైడ్ గొట్టానికి పొడుగునా కన్నాలు, వాటి మీద మూతలు ఉంటాయి. మూత తెరిస్తే శబ్దం చాలావరకు అక్కడే బయటపడిపోతుంది, కాబట్టి ఒక స్వరం నిండుగా, పక్క స్వరం పల్చగా పలుకుతుంది. వాల్వ్ నొక్కితే గాలి ఇంకో గొట్టం ముక్కలోంచి చుట్టు తిరిగొస్తుంది, ఏ స్వరమైనా బూర చివరున్న పెద్ద నోరు దాకా వెళ్లే బయటికొస్తుంది. నా దృష్టిలో ట్యూబా పుట్టుకంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది.

మంద్రం:
పై జవాబుకి కొంచెం కలుపుతా. రోటరీ వాల్వ్‌కి (లోపలి ముక్క గుండ్రంగా తిరిగే రకం) 1835లోనే వియన్నాలో రీడ్ల్ పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పుడు మనం చూసే పిస్టన్ (పైకీ కిందికీ కదిలే రకం) పారిస్‌లో పెరినే చేసింది. అందుకే జర్మనీ, ఆస్ట్రియా వైపు రోటరీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ వైపు పిస్టన్ పాతుకుపోయాయి. అమెరికాలో రెండూ దొరుకుతాయి.

ఇక యార్క్ సంగతి. మిషిగన్ గ్రాండ్ రాపిడ్స్‌లో ఉండేది ఆ కంపెనీ. 1930ల్లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కండక్టర్ స్టొకోవ్‌స్కీ పైప్ ఆర్గన్ లాంటి అడుగు నాదం కావాలంటే యార్క్ వాళ్లు రెండు పెద్ద సీ ట్యూబాలు (సీ అనే స్వరానికి శ్రుతి చేసినవి) చేశారు. అందులో ఒకటి ఆర్నాల్డ్ జేకబ్స్ చేతికొచ్చింది. ఆయన 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించాడు, ఆ రికార్డింగులు విన్నవాళ్లందరికీ ఆ నాదమే కావాలనిపించింది. తర్వాత స్విట్జర్లాండ్‌లో హిర్స్‌బ్రునర్, జపాన్‌లో యమహా వాటి కొలతలు చూసుకుని కొత్తవి చేశాయి. యార్క్ కాపీ అంటే అదే.

ఇత్తడి_బూర:
కానీ ఒక మాట అండి, అది ఆర్కెస్ట్రా మొత్తానికీ అడుగున నిలబడటానికి చేసిన సైజు. గొట్టం లావు ఎక్కువ, ఊపిరి చాలా పడుతుంది. ఇక్కడి స్కూళ్లలో ఎక్కువగా బీ ఫ్లాట్ (సీ కంటే కాస్త కింది శ్రుతి) ట్యూబాలే వాడతారు, మీ వాడి వేళ్లకి ఆ ఫింగరింగే (ఏ స్వరానికి ఏ వాల్వ్ నొక్కాలో) అలవాటై ఉంటుంది, సీ ట్యూబా పడితే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఇప్పటికి నాలుగు వాల్వుల మామూలు సైజు బీ ఫ్లాట్ చాలు. కొనేముందు ప్రతి వాల్వ్ నొక్కి వదలండి, వెంటనే పైకి లేవాలి. స్లయిడ్లు (శ్రుతి సరిచేసుకునే జారుడు గొట్టాలు) చేత్తో లాగితే రావాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. బ్యాండ్‌లో వాడేది బీ ఫ్లాటే, ఇప్పుడే వాణ్ణి అడిగాను. శనివారం వాణ్ణే తీసుకెళ్లి ఊదించి చూస్తాం.