అప్‌డేట్: మా ఊసరవెల్లి కుబుసం విడిచింది

పది రోజులుగా మా యెమెన్ జాతి ఊసరవెల్లి కుబుసం ఊడక వేళ్లకు పట్టుకుపోయిందని, చేత్తో లాగవచ్చా అని అడిగాను. లాగవద్దని చెప్పిన వారందరికీ కృతజ్ఞతలు.

పాము వలె ఒకే తొడుగుగా కాక ఇది ముక్కలు ముక్కలుగా పొర రాలుస్తుందని తెలియక తొలుత అనవసరంగా కంగారుపడ్డాను. అసలు లోపం మా గదిలోనే ఉంది: సిరొంచ ఎండల్లో సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా జాలీ పంజరం మీదికి వీస్తూ తేమను నిలవనివ్వలేదు. పంజరాన్ని పక్కకు జరిపి, ఉదయం, సాయంత్రం ఆకులు తడిసేలా నీటి తుంపర కొట్టి, రాత్రికి ఆరనిచ్చి, ఒళ్లు రుద్దుకోవడానికి గరుకైన జామ కొమ్మ ఒకటి పెట్టగా, నాలుగో రోజుకు వీపు, తోక శుభ్రపడ్డాయి. రక్తప్రసరణ ఆగి వేలు చచ్చిపోతుందేమోనన్న భయంతో వేలి చుట్టూ మిగిలిన ఉంగరం వంటి పొరను మాత్రం గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో నానబెట్టాను. మర్నాడు అదే జారిపోయింది.

పెరట్లోది పట్టారా అని అడిగినవారికి: లేదు, మన దేశపు ఊసరవెల్లి జాతి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి.

కనురెప్ప మీద ఇంకా చిన్న ముక్క ఉంది. దాన్ని నేను తాకడం లేదు.